పెండ్లి డిస్కుల రంగు మిషన్

మా ఆయనకు ఒక గుణముంది. ఏ వస్తువు కొనాలన్నా ఊరందరినీ సలహా అడుగుతాడు, ఇంట్లో మనిషిని తప్ప. మైదుకూరులో ఫోటో, వీడియో అంగడి పెట్టినప్పుడు కెమెరా అట్లాగే కొన్నాడు. కంప్యూటరూ అట్లాగే కొన్నాడు. నన్ను చేసుకునే ముందు కూడా బస్టాండు దగ్గర టీ తాగేవాళ్ళందరినీ అడిగి ఉంటాడని నా అనుమానం. అడిగితే కాదంటాడు గానీ గట్టిగా అనడు.

వీడియో తీసేది ఆయన. మిక్సింగ్ చేసేది నేను. అంటే ఏడెనిమిది గంటల పెండ్లిని కంప్యూటర్లో కత్తిరించి, అతికించి, పాటలు కలిపి మూడు గంటలకు తేవడం నా పని. బోర్డు మీద ఉండేది ఆయన పేరు. ముందు గదిలో అంగడి, నడిమి గదిలో కంప్యూటర్, వెనక గదిలో పొయ్యి. నేను పప్పు తాలింపు పెడితే ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటో దిగడానికి కూర్చున్నవాళ్ళు తుమ్మేవాళ్ళు.

సీడీలు పోయి డీవీడీలు వచ్చిన కాలమది. పెండ్లివాళ్ళకు ఇచ్చే డిస్కు మీద నేనే మార్కర్ పెన్నుతో ఇద్దరి పేర్లూ రాసి, పక్కన రెండు పూలు వేసి ఇచ్చేదాన్ని. ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒకరోజు పసుపు మండీ సావుకారు వచ్చి అనేంతవరకు.

ఆయన కూతురి పెండ్లి అయి పదిరోజులయింది. వీడియో మేమే తీశాం. సావుకారు కుర్చీలో కూర్చుని, నేను రాసిన డిస్కు ఒకటి టేబులు మీద కనపడితే రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"ఇదేందప్పా, ఆస్పత్రి మందుల చీటీ మాదిరి ఉండాది?" అన్నాడు మా ఆయనతో. "నాకు ఇట్ల వద్దు. పిల్లా, అల్లుడూ డిస్కు మీదనే కనపడాల. రంగుల్లో. పెండ్లికొచ్చిన ప్రెతి ఇంటికీ ఒకటి పంపాల. రెండువందలు చెయ్యి. కాగితం మాత్రం అంటించొద్దు. మా బామ్మర్ది ఇంట్లో అట్ల అంటించింది ఊడిపోయి మిషన్‌లో ఇరుక్కుండాది, ఇంగా బయటికి రాల్యా."

అది నిజమే. మా ఎండలకు గోడమీద సున్నమే నిలబడదు, డిస్కు మీద కాగితం యాడ నిలబడుతుంది? సావుకారు వెళుతూ ఇంకో మాట కూడా అన్నాడు. ఇది బాగా కుదిరితే కొడుకు పెండ్లి కూడా మాకే ఇస్తాడంట. వాళ్ళ వీధిలో ఇంకా నాలుగు పెండ్లిళ్ళు ఉన్నాయంట. మా ఆయన ముఖం ఫోకస్ లైటు వేసినట్టు వెలిగింది.

రెండురోజుల తర్వాత మధ్యాహ్నం ఆ సావుకారు భార్య వచ్చింది. ఏదో పాత ఫోటోకు ఫ్రేమ్ కట్టించాలని వంక. మా ఆయన లేడని చూసుకుని నడిమి గదిలోకి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. కాసేపు ఎండల గురించి మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించింది.

"పాపా, నేను పెండ్లి చూడల్యా," అంది.

నాకు అర్థం కాలేదు. పెండ్లికూతురి తల్లి పెండ్లి చూడకపోవడమేమిటి?

"కన్యాదానం దాకా ఉండాను. ధార నీళ్ళు పోసి లేసినానో లేదో, వంటాయన మనిషిని పంపించినాడు. నెయ్యి డబ్బాలు పెట్టిన గది తాళంచెవి నా నడుముకు ఉండాది. పోయి తీసిచ్చి, లెక్క చెప్పి, మళ్ళీ బీగమేసి వచ్చేసరికి తాళి కట్టేసినారు. నేలమీద అక్షింతలు మాత్రం ఉండాయి. పద్దెనిమిదేండ్లు పెంచితి పాపా. ఆ మూడు ముళ్ళు ఒక్కసారి చూడాల. అది మాత్రం కోయొద్దు."

మీ ఆయనకు చెప్పుకున్నారా అమ్మా అని అడిగాను. చెబితే ఆయన నవ్వి, వీడియో ఉంది కదా అన్నాడట. ఆ వీడియో కోసమే ఆమె నా దగ్గరికి వచ్చింది. కోయనని మాటిచ్చాను. ఆ గదిలో నాకు ఎవరూ ఎప్పుడూ అంత నమ్మకంగా పని చెప్పలేదు. హృదయం గుర్తులో పెట్టండి, పావురాలు ఎగరేయండి, చంద్రుడి మీద కూర్చోబెట్టండి అని చెప్పినవాళ్ళే అందరూ.

ఇక మా ఆయన మిషన్ వేట మొదలైంది. డిస్కు మీద నేరుగా రంగుబొమ్మ వేసే మిషన్ ఏది మంచిది అని వారం రోజులు ఊరంతా తిరిగాడు. కంప్యూటర్ కోచింగ్ సెంటర్ మాస్టారు, అంగుళానికి ఎన్ని చుక్కలు పడతాయో చూడాలన్నాడు. చుక్కలు ఎక్కువైతే ఏమవుతుందో ఆయనకూ తెలియదు, మా ఆయనకూ తెలియదు. జెరాక్సు అంగడాయన నిమిషానికి ఎన్ని డిస్కులు వస్తాయో చూడమన్నాడు. ప్రొద్దుటూరులో ఇంకో వీడియో ఆయన మాత్రం, ఏది కొన్నా మిషన్ కంటే ఇంకు ఖరీదు ఎక్కువ, ఏనుగును కొనడం కాదు మేపడం చూసుకో అన్నాడు. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే రకం మా ఊళ్ళో సలహాదారులు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు కాబట్టి నేనూ గమ్మున ఉన్నాను.

చివరికి కర్నూలు పోయి చూద్దామని తేలింది. నన్ను తీసుకుపోయింది కంప్యూటర్‌కు వైరు ఎట్లా తగిలించాలో అర్థం చేసుకోవడానికి. మా మామ, అంటే మా ఆయన తండ్రి, తనంతట తనే బయలుదేరాడు. కర్నూల్లో కళ్ళు చూపించుకోవాలి అన్నాడు. ఆయన నలభై ఏండ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. నూలుకు రంగు తనే అద్దుకునేవాడు. ఆయన చీర ఉతికితే రంగు దిగదని కడప దాకా పేరు. మోకాళ్ళు పట్టేసి మగ్గం దిగాక మా దగ్గరే ఉంటున్నాడు. దేనికీ అడ్డం రాడు. ఏదైనా చూస్తే మాత్రం వేలుతో ముట్టుకోకుండా ఉండలేడు.

కర్నూలులో కంప్యూటర్ల అంగడి చల్లగా ఏసీలో ఉంది. టై కట్టుకున్న అబ్బాయి నవ్వుతూ ఎదురొచ్చి మొదటి ప్రశ్న వేశాడు.

"హోమ్ యూజా సార్, బిజినెస్ యూజా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇంటికా, వ్యాపారానికా? మాకు ఆ రెండిటికీ మధ్య గోడ కాదు, ఒక కర్టెన్ ఉంది, అది కూడా ఉతికితే ఆరేదాకా ఉండదు. మా ఆయన గొంతు సవరించుకుని, "బిజినెస్సే, అయితే ఇంట్లో," అన్నాడు. ఆ అబ్బాయి అర్థమైనట్టు తల ఊపాడు. ఏం అర్థమైందో ఆ దేవుడికి తెలియాలి.

మూడు మిషన్లు చూపించాడు. మొదటిది పెద్దది. డిస్కుల దొంతర ఒకపక్క పెడితే, ఒక ఇనుప చెయ్యి దానంతట అదే ఒక్కొక్క డిస్కునూ ఎత్తి, లోపలపెట్టి, బొమ్మ పడ్డాక రెండోపక్క పేరుస్తుంది. మా ఆయన దాని ముందు పావుగంట నిలబడ్డాడు. గుళ్ళో కూడా అంతసేపు నిలబడిన మనిషి కాడు. ధర విన్నాక ఆ చెయ్యి మాకు దండం పెట్టి పంపేసింది.

రెండోది చిన్నది. ఒక ట్రే బయటికి వస్తుంది, దాంట్లో ఒక్క డిస్కు పెట్టాలి, లోపలికి పోతుంది, రంగు ఇంకు చిమ్మి బొమ్మ వేసి బయటికి తోస్తుంది. ఆ అబ్బాయి నమూనా డిస్కు ఇచ్చాడు. దాని మీద రామచిలుక బొమ్మ. ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. మా ఆయన ఆహా అన్నాడు. నేనూ అన్నాను, ఎందుకు దాచాలి.

మూడోదాన్ని ఆ అబ్బాయి అడుగు అరలోంచి ఇష్టం లేకుండా తీశాడు. రిబ్బను మిషన్. వేడిచేసి రంగును డిస్కుకు అంటిస్తుంది. కానీ ఒక్క నలుపే పడుతుంది, ఫోటో రాదు, అక్షరాలు మాత్రమే. "ఇది ఆఫీసులవాళ్ళు తీసుకుంటారు సార్," అన్నాడు, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు.

ఈలోగా మామ రామచిలుక డిస్కును చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు నాలుకకు తాకించి, ఆ తడివేలితో చిలుక ముక్కు మీద ఒక్కసారి రుద్దాడు. అద్దిన నూలును ఆయన నలభై ఏండ్లు అట్లాగే చూశాడు. చిలుక ముక్కు ఆయన వేలికి వచ్చింది. ఎర్రగా.

"రంగు దిగుతాండాది నాయనా," అన్నాడు మా ఆయనకు వేలు చూపిస్తూ.

ఆ అబ్బాయి లబోదిబోమన్నాడు. "అంకుల్! అది డిస్కు, చీర కాదు. దాన్ని ఎవరన్నా ఉతుకుతారా?"

మామ పట్టించుకోలేదు. నలుపు మిషన్ నమూనా తీసుకుని దాన్నీ తడివేలితో రుద్దాడు. వేలు వేలుగానే ఉంది. "ఇది పక్కా రంగు," అన్నాడు. "ఇది తీస్కో. తడి తగలని వస్తువు పెండ్లింట్లో యాడ ఉంటాది?"

"నల్లక్షరాలా!" అన్నాడు మా ఆయన. "పెండ్లి డిస్కు మీద నల్లక్షరాలేస్తే, ఎవరో పోయినారు దినాలకు పిలిచినారు అనుకుంటారు నాయనా. ఊరికే ఉండు."

అంగట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది. మామ వేలిని పంచెకు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, ఏసీ గాలికి కళ్ళు మూసుకున్నాడు. మిషన్ కొన్నాం. చిలుక మిషన్. అందరూ కలిసి చుక్కలు చూశారు, వేగం చూశారు, ఈకలు చూశారు. ఆ పూట అక్కడ చూడాల్సింది చూసింది ఒక్క మామే, ఆయన వచ్చింది కళ్ళు కనపడడం లేదని.

బస్సులో మా ఆయన ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా పిల్లను పుట్టిన కొత్తలో కూడా అంత జాగ్రత్తగా పట్టుకోలేదు. ఆళ్ళగడ్డ దగ్గర మామ కిటికీలోంచి అహోబిలం కొండల వైపు దండం పెట్టుకుంటే, మా ఆయన పెట్టె వదలకుండా తలకాయతో పెట్టాడు.

అసలు సినిమా ఇంటికి వచ్చాక మొదలైంది. ఎండాకాలం. మా దగ్గర ఆ గాలికి తడిబట్ట ఐదు నిమిషాల్లో అప్పడమవుతుంది. మిషన్‌లో ఇంకు చిమ్మే సన్నటి బెజ్జాలు మధ్యాహ్నానికి ఎండిపోయేవి. అన్నీ ఒకేసారి ఎండితే బాధ లేదు. ముందుగా ఎరుపు ఎండేది. పెండ్లికూతురి ఎర్రచీర పసుపురంగులో, ముఖం కామెర్లు వచ్చినట్టు పడేవి. మొదటిది అట్లా వచ్చినప్పుడు నేను తల పట్టుకున్నాను.

"పసుపు మండీ వాళ్ళ పిల్లే కదమ్మే," అన్నాడు మా ఆయన. "పసుపు పూసుకుండాది అనుకుంటారులే."

కిటికీలకు గోనెపట్టాలు తడిపి కట్టాం. మిషన్ పక్కన బేసిన్లో నీళ్ళు పెట్టాం. బెజ్జాలు శుభ్రం చేసుకోమని మిషన్‌కే చెబితే, అది అందుకోసమే సగం ఇంకు తాగేది. సరిగ్గా రంగులన్నీ కుదిరి నాలుగు డిస్కులు వచ్చేసరికి కరెంటు పోయేది. వచ్చేసరికి మళ్ళీ ఎరుపు ఎండేది. ఏనుగును మేపడం గురించి చెప్పిన ప్రొద్దుటూరు మనిషి మాట ఇప్పుడు మా ఆయనకు నవ్వు తెప్పించలేదు.

ఈ గొడవలో నా మిక్సింగ్‌ను పట్టించుకునే మనిషి లేడు. నేను మూడు వారాలుగా ఆ పెండ్లి మీదే కూర్చున్నాను. తాళి కట్టే ఘట్టం మొత్తం ఉంచాను. మా ఆయన ఒకరోజు వెనక నిలబడి చూసి, "ఇంత పొడుగు ఏంటికి? హృదయంలో పెట్టి పావురాలు ఎగరెయ్, ఐపోతాది. పిల్ల కెమెరా దిక్కు చూడను కూడా చూడల్యా," అన్నాడు.

"ఇది ఇట్లే ఉంటుంది," అన్నాను.

"ఏమ్మే, లోపల ఏముందో ఎవరు చూస్తారు? పైన బొమ్మ చూస్తారు."

పైన పటారం, లోన లొటారం అనే సామెత మన వాళ్ళు ఊరికే పుట్టించలేదు. నేను మౌస్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆయన ట్రేలో డిస్కు మార్చడానికి పోయాడు.

ఎట్లయితేనేం, రెండువందలూ అయ్యాయి. బాగానే వచ్చాయి కూడా, అబద్ధమెందుకు. పెండ్లికూతురి జడలో పూలు కూడా తెలుస్తున్నాయి. సావుకారు డిస్కులకు అట్టకవర్లు వేరేచోట అచ్చువేయిస్తున్నాడు కాబట్టి, డిస్కులు మాత్రం ఉత్తవే, గుండ్రటి డబ్బాల్లో దొంతరలుగా పెట్టి వాళ్ళింట్లో ఇచ్చి వచ్చాం. సావుకారు ఒకటి తీసి, ఎండకు పట్టి చూసి, "ఇదీ!" అన్నాడు. ఆ ఒక్కమాటకు మా ఆయన ఆ సాయంత్రం ఓళిగలు చేయించుకుని తిన్నాడు.

మరుసటిరోజు పొద్దున పదిన్నరకు ఫోను వచ్చింది.

"యాడుండావప్పా? బిర్నా రా మా ఇంటికి, ఉన్నపళంగా." సావుకారు గొంతు. ఎందుకని అడిగేలోపు పెట్టేశాడు.

మేమిద్దరం బయలుదేరాం. మామ కూడా చెప్పులేసుకున్నాడు. వద్దనడానికి మా ఆయనకు ఆ పూట ధైర్యం చాలలేదు. ఆ ఇంటికి పోగానే సావుకారు మిద్దె మెట్లు చూపించాడు. ఎక్కాం.

మిద్దె మీద తెల్లటి పంచెలు పరిచి ఉన్నాయి. వాటి మీద రెండువందల డిస్కులు, వడియాలు ఎండబెట్టినట్టు, వరసలు వరసలుగా ఎండబెట్టి ఉన్నాయి. ఎండకు కళ్ళు చెదిరిపోతున్నాయి. దగ్గరికి పోయి ఒకటి ఎత్తాను. పెండ్లికొడుకు మీసం చెంప మీదికి జారింది. పెండ్లికూతురి చీర ఎరుపు ఆమె గడ్డానికి ఎక్కింది. మధ్యమధ్యలో పచ్చటి మరకలు. తిప్పి చూశాను. వెనక, అద్దంలా మెరిసే పక్క, నాలుగువైపులా నాలుగు పసుపుబొట్లు, గట్టిగా ఎండి పెచ్చుకట్టి ఉన్నాయి.

పిట్టగోడ పక్కన సావుకారు భార్య నిలబడి ఉంది. వేళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"శుభలేఖకు పసుపు పెట్టకుండా పంచుతామా పాపా?" అంది, సావుకారుకు కాదు, నాకు. "ఇదీ ఇంటింటికీ పోయేదే కదా. పొద్దున్నే తలస్నానం చేసి పెట్నా. మొగాల మీద ఎట్ల పెడ్తా? పిల్ల మొగం చెడిపోతాదని ఎనకపక్క పెట్నా. ఎనక ఏమీ రాసిల్యా కదా! మళ్ళీ దొంతి పెడితే ఒకదానికొకటి అంటుకున్న్యాయి. ఆరితే సర్దుకుంటాయని ఈడ పరిస్తి."

ఏమీ రాయనిది అనుకుని ఆమె పసుపు పెట్టిన ఆ పక్కనే పెండ్లంతా ఉంది. వీడియో చదివేది ఆ మెరిసే పక్కనుంచే. మేము ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పైన బొమ్మ గురించి మాత్రం పదిసార్లు చెప్పాం.

మా ఆయనకు నోరు లేచింది. "డిస్కుకు ఎవురన్నా పసుపు పెడతారా అన్నా?" అన్నాడు.

అనకూడని మాట అది. సావుకారు మూడు తరాలుగా పసుపు అమ్ముతున్న మనిషి.

"మా ఇంట్లో పసుపు తగలని వస్తువు ఏముంటాదప్పా?" అని అరిచాడు. "బీరువాకు పెడతాం, బండికి పెడతాం, కాటాకు పెడతాం. ఏదీ ఇట్ల కరిగిపోల్యా! పసుపు తగిలితే పోయే రంగు ఏం రంగు? నువ్వు పెండ్లిళ్ళకు పనికొచ్చే మిషన్ కొన్న్యావా, ఇంగేదన్నా కొన్న్యావా?" తర్వాత భార్య వైపు తిరిగాడు. "నీకు ఎవురు చెప్పినారు ముట్టుకోమని? ఏదీ తెలీదు, అన్నిట్లో ఏలు పెడతావు!"

ఆమె తల వంచుకుంది. మామ వైపు చూడాలంటే నాకు సిగ్గేసింది. నేను చెప్తి కదా అని ఆయన అంటాడని, అంటే భరించాలని గుండె దిటవు చేసుకున్నాను. ఆయన అనలేదు. మోకాళ్ళు పట్టుకుని కిందికి వంగి, ఒక డిస్కు తీసి, గోటితో పసుపుపెచ్చు మెల్లగా గీకి చూశాడు.

"చన్నీళ్ళలో పెట్టి, రుద్దకుండా కడిగితే పసుపు పోతాది," అన్నాడు. "లోపలి బొమ్మలు పడతాయేమో పాపకు తెల్సు. పైబొమ్మ మాత్రం నిలవదు."

"లోపలిది పడుతుంది మామా," అన్నాను. "కడగకుంటే పడదు."

సావుకారు వేళ్ళ మీద లెక్క వేశాడు. కోపం దిగి వ్యాపారం పైకి వచ్చింది. రెండువందలు మళ్ళీ చేయిస్తే ఎన్నిరోజులు, కవర్లు రేపే వస్తున్నాయి, చుట్టాలకు చెప్పేశాడు. ఒక డిస్కును చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాడు.

"దూరానికి బాగానే ఉండాది," అన్నాడు. "కవర్లో పెడితే అంత తెలీదు. కడగొద్దు. కడిగితే తెల్లరేకు ఔతాది, ఏం మొగం పెట్టుకుని పంచేది? ఇట్లనే పంచుదాం. లోపల ఉండేది ఎవురు చూస్తారు?"

"నేను చూస్తా," అంది ఆయన భార్య.

ఆ ఇంట్లో ఆమె గొంతు మిద్దె మీద వినపడడం అదే మొదటిసారేమో, సావుకారుకు కోప్పడాలని కూడా తోచినట్టు లేదు. ఆమె వంగి తన కాళ్ళ దగ్గరున్న డిస్కు ఒకటి తీసుకుని మెట్లు దిగింది. నేను వెనకే దిగాను.

వంటింటి కుళాయి కింద పట్టుకుంది. వెనకపక్క పసుపు నానింది, పచ్చటి నీళ్ళు పోయాయి. తర్వాత ముందుపక్క ఎరుపు కారడం మొదలైంది. "పిల్ల బొమ్మ పోతాండాది పాపా," అని ఒక్క క్షణం కుళాయి కట్టేసింది. నా ముఖం చూసింది. లోపల ఉందమ్మా, పోదు అన్నాను. మళ్ళీ కుళాయి తిప్పింది. అల్లుడు పోయాడు, కూతురు పోయింది, జడలో పూలు పోయాయి. మూడు వారాలు మా ఇంటిల్లిపాదినీ ఏడిపించిన బొమ్మ అరనిమిషంలో తూములోకి పోయింది. నాకు ఏమాత్రం బాధ కలగలేదు, కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆమె ఆ తెల్ల డిస్కును తన కొంగుతో అద్ది అద్ది తుడిచింది.

హాల్లో టీవీ కింద ప్లేయర్ ఉంది. డిస్కు పెట్టాను. మొదట రెండుసార్లు తిరిగి ఆగింది. నా ప్రాణం కూడా ఆగింది. తర్వాత వినాయకుడి బొమ్మ వచ్చింది. రిమోట్‌తో ముందుకు జరిపి, కన్యాదానం దాటించి, తాళి దగ్గర వదిలేశాను. ఆమె కుర్చీ ఉన్నా కూర్చోలేదు. టీవీకి రెండడుగుల దూరంలో నేలమీద కూర్చుంది.

మేళం మోగింది. అల్లుడు లేచి నిలబడ్డాడు. మొదటి ముడి పడింది. పెండ్లికూతురు తల వంచుకుని లేదు. మెడ పక్కకు తిప్పి, జనం మీదుగా, ఎడమవైపు తలుపు దిక్కే చూస్తోంది. రెండో ముడి. పురోహితుడు ఏదో చెబితే తల వంచింది, వెంటనే మళ్ళీ ఎత్తి అటే చూసింది.

"ఏంటికి పాపా అట్ల తల తిప్పుతాండాది?" అంది ఆమె, టీవీ నుంచి కళ్ళు తీయకుండా. "నిమ్మళంగా కూర్చోదు. ఎవుర్ని ఎతుకుతాండాది?"

ఈ సంగతి మూడు వారాలుగా నాకు తెలుసు. ఆ తలుపు నెయ్యి డబ్బాలు పెట్టిన గది వైపు తలుపు. మొదటిసారి చూసిన రోజే కంప్యూటర్ ముందు కూర్చుని ఏడ్చాను. ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు, కత్తిరించడానికి చెయ్యి రాలేదు.

"మిమ్మల్నేనమ్మా," అన్నాను.

మూడో ముడి పడింది. అక్షింతలు పడ్డాయి. మిద్దె మీద మగవాళ్ళ గొంతులు వినపడుతున్నాయి. సావుకారు కొడుకు పెండ్లికి ఏ మిషన్ అయితే పసుపుకు తట్టుకుంటుంది, పైన వార్నిష్ కొడితే ఎట్లా ఉంటుంది అని మా ఆయన చెబుతున్నాడు, సావుకారు ఎన్ని చుక్కలు పడతాయని అడుగుతున్నాడు.

ఆమె పచ్చటి వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఆగలేదు.

"ఇంగోసారి ఎయ్యి పాపా," అంది. "తల తిప్పే కాడ్నుంచి."